"వేడి చేసిందన్నా" అని వచ్చే పోరగాళ్ళ గురించి జర రాయుండ్రి

ఎడిటర్ సార్‌కు నమస్తే,

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాదు. కాజీపేటల స్టేషన్ దిక్కు పోయే రోడ్డు మీద ఒక మెడికల్ షాపుల పదిహేడేండ్ల నుంచి కౌంటర్ చూస్తున్న, మీ పేపర్ రోజూ షాపుకొస్తది, మధ్యాహ్నం గిరాకీ ఉండదు కాబట్టి జిల్లా పేజీలు మొత్తం చదువుత, టెండర్ నోటీసులతోటి సహా. ఫోన్ల టైప్ చేస్తున్న, అక్షరాలు తప్పుంటే దిద్దుకోండ్రి, మాటలు మాత్రం మార్చకుండ్రి. ఇల్లు లేక రోడ్డు మీద పండే పోరగాళ్ళకు వచ్చే సుఖరోగాల సంగతి ఇది, మర్యాద మాటలతోటి రాస్తే ఎవ్వలకూ సమజ్ కాదు.

ప్రతి జనవరిల ఆపరేషన్ స్మైల్, ప్రతి జులైల ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసోళ్ళు స్టేషన్ల కాడ, ఇటుక బట్టీల కాడ పిల్లల్ని పట్టుకచ్చి ఇంటికో హోమ్‌కో పంపుతరు, మీరు ఫొటో వేస్తరు. మంచి పనే, నేను వంక పెడ్తలేను. కానీ 18 దాటినోని సంగతేంది? 17 ఏండ్ల 11 నెలలున్నోడు బాలుడు, వానికి 1098 హెల్ప్‌లైన్ ఉన్నది, పిల్లల సంక్షేమ కమిటీ ఉన్నది, హోమ్ ఉన్నది. ఇంకో నెల పోతే వాడు ఎవ్వల లెక్కలకూ రాడు, బ్రిడ్జి కింద పండుకుంటే లాఠీ తోటి లేపుతరు, గంతే.

కాజీపేట జంక్షన్ గురించి మీకు తెల్వంది కాదు. ఢిల్లీ దిక్కు నుంచి బల్లార్షా మీదికెళ్ళి వచ్చే బండ్లు ఇక్కడనే రెండు దార్లు చీలుతయి, ఒకటి సికింద్రాబాద్ పోతది, ఒకటి విజయవాడ పోతది. ఇంట్ల కొట్లాడి ఎల్లిపోయినోడు ఏ బండి ఎక్కిండో వానికే తెల్వదు, ఏడనో ఒకకాడ దిగాలె కాబట్టి ఇక్కడ దిగుతడు. మంచిర్యాల, బెల్లంపల్లి, రామగుండం దిక్కు పోరగాళ్ళుంటరు, చంద్రాపూర్ దిక్కోళ్ళుంటరు, ఛత్తీస్‌గఢ్ నుంచి పనికొచ్చి మేస్త్రీ పైసలియ్యక ఆగిపోయినోళ్ళుంటరు, మాటతీరు ఆడోళ్ళ లెక్క ఉన్నదని తండ్రి తన్ని తరిమినోళ్ళు కూడ ఉంటరు. పెండ్లిళ్ళ సీజన్‌ల క్యాటరింగ్, మిర్చి సీజన్‌ల ఎనుమాముల మార్కెట్ల మూటలు, మిగతా దినాలు అట్టలు, సీసాలు ఏరుడు. పండుడు ప్లాట్‌ఫారం కొసకు, ఫంక్షన్ హాల్ ఎనుక గంజుల పక్కకు, లేకపోతే మూసిన షాపుల అరుగుల మీద.

వీళ్ళు నా షాపుకు పగలు రారు. రాత్రి తొమ్మిదిన్నరకు నేను షట్టర్ సగం దించినంక వస్తరు. షాపుల ఆడోళ్ళుంటే బయట కరెంటు స్తంభం కాడ ఆగి ఫోన్ చూస్తున్నట్టు చేస్తరు, ఆ ఫోన్ల చార్జింగే ఉండదు అది వేరే ముచ్చట. అందరు పోయినంక లోపటికొచ్చి నా మొఖం చూడకుండ అద్దం కింద ఉన్న దగ్గుబిళ్ళల డబ్బా దిక్కు చూసుకుంట "వేడి చేసిందన్నా" అంటరు.

మన దిక్కు వేడి చేసుడంటే ఎంత పెద్ద సంచో మీకు తెలుసు, దాంట్ల పట్టనిది లేదు. ఎండల మూటలు మోసి నీళ్ళు తాగక మూత్రం మండుడూ వేడే, చీము కారే సెగ రోగమూ (గనోరియా) వేడే, పుండైనా వేడే, గజ్జల్ల బిళ్ళ కట్టినా వేడే. ఉన్న ఒక్క జీన్ ప్యాంటు చెమటకు తడిసి మల్ల ఒంటి మీదనే ఆరి తొడ సందుల తామర లేస్తది, అది కూడ వేడే. తామరను సుఖరోగం అనుకుని భయపడి సచ్చేటోడు ఉంటడు, సుఖరోగాన్ని తామర అనుకుని అగ్గువ స్టెరాయిడ్ ట్యూబు రుద్దుకునేటోడు ఉంటడు. ఆ ట్యూబు రాస్తే రెండు దినాలు దురద ఆగుతది, తర్వాత తామర తొడ నుంచి నడుము దాక పాకుతది. మేము అమ్మబట్టే కదా ఇదంత అని మీరు అనొచ్చు, అనుండ్రి, ఆ మాట పడాల్సిందే.

నా తప్పు కూడ చెప్త. చాన ఏండ్లు నేను చీము పడుతుందని వచ్చినోనికి సిప్రో అనే యాంటీబయాటిక్ స్ట్రిప్‌ల అయిదు గోలీలు కత్తిరించి ఇచ్చిన, దాంతోని మూత్రం మంటకు ఒక సిరప్. సెగకు సిప్రో పని చేసుడు మన దేశంల ఎప్పుడో బందయింది, ఆ పురుగు దానికి అలవాటు పడ్డది. అయినా పాత అలవాటు చొప్పున ఇచ్చుకుంట పోయిన, వానికి రెండు దినాలు మంట తగ్గినట్టే ఉంటది, రోగం లోపటనే ఉంటది, వాడు పోయి ఇంకొకరికి అంటిస్తడు. ఆర్ఎంపీ కాడికి పోయినా ఇంతే, కాకపోతే ఒక సూది ఎక్స్‌ట్రా.

ఇంతకంటె నన్ను ఎక్కువ గుచ్చేది ఇంకొకటి. రెండేండ్ల కిందట ఒక పిలగాడు వచ్చిండు, ఇరవై ఉంటయేమో, క్యాటరింగ్‌ల నీళ్ళ గ్లాసులు పెడ్తడు, ఆ తెల్ల చొక్కా మీదనే వచ్చిండు, జేబు మీద సాంబారు మరక. పుండైందన్నా కానీ నొప్పి లేదు అన్నడు. నొప్పి లేకపోతే భయం లేదులే అని యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ ఇచ్చిన. నెలలోపట వాడు మల్ల వచ్చి, పెండ్లిల మిగిలిన రెండు బూంది లడ్డూలు పేపర్ల చుట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టి "నీ మందు మస్తు పనిచేసిందన్నా, మొత్తం మానింది" అన్నడు. నేను లడ్డూ తిన్న. ఇంకో రెండు నెలలకు వాని అరచేతుల్ల, అరికాళ్ళల్ల రాగి రంగు మచ్చలు లేచినయి, దురద లేదు, నొప్పి లేదు, గిన్నెలు తోమే సబ్బు పడలేదేమో అన్నడు. అప్పుడు ఒక తెలిసిన డాక్టర్‌కు ఫోన్ల ఫొటో పంపితే ఆయన ఒక్కటే అడిగిండు, అంతకుముందు నొప్పి లేని పుండు అయ్యిందా అని.

సవాయి అంటరు మన పెద్దోళ్ళు, సిఫిలిస్. దాని గుణమే అది సార్, పుండు నొప్పి పెట్టదు, మందు వేసినా వెయ్యకున్నా మూడు నుంచి ఆరు వారాలల్ల దానంతటది మానుతది, రోగం మాత్రం నెత్తుర్ల ఉంటది. తర్వాత మచ్చలు లేస్తయి, అవీ పోతయి, ఇగ ఏండ్ల తరబడి సప్పుడు చెయ్యదు, ఆఖరికి గుండెకో మెదడుకో వస్తది. నా ఆయింట్‌మెంట్ చేసింది శూన్యం, ఊరికే పేరొచ్చింది నాకు. ఇంత మోసం చేసే రోగానికి మందు చూస్తే ఎంత సులువు అంటే మొదట్ల పట్టుకుంటే 24 లక్షల యూనిట్ల బెంజథిన్ పెన్సిలిన్, ఒక్కసారి, పిర్రకు. ఒక్క పూట పని. ఆ సూది మా షాపుల పెట్టం, అడిగేటోళ్ళు లేరు, పైసలు రావు, రియాక్షన్ అయితే ఎవరు చూస్తరని భయం. అది సర్కార్ దవాఖానలనే దొరకాలె.

ఇగ దవాఖాన ముచ్చట. అది ఏ దవాఖానో నేను రాయను, వాన్ని నా బండి మీద ఎక్కించుకుని ఒక సర్కార్ దవాఖానకు తీసుకపోయిన. చీటీ కౌంటర్ కాడ ఫోన్ల స్కాన్ చేసి టోకెన్ తీయమన్నరు, వాని ఫోన్‌కు బ్యాలెన్స్ లేదు. ఆధార్ అన్నరు, బ్యాగు పోయినప్పుడు అదీ పోయింది. సరే అడ్రస్ చెప్పు అంటే వాడు నిజాయితీగ "ప్లాట్‌ఫారం మీద పంట సార్" అన్నడు, లైన్ల ఉన్నోళ్ళు నవ్విన్రు. ఎట్లనో నా అడ్రస్ రాపిచ్చి చీటీ తీస్తే వార్డుబాయ్ గట్టిగ, హాలంత ఇనబడేటట్టు "ఆ హెచ్ఐవీ రూమ్ అటు" అని చెయ్యి చూపిచ్చిండు. నేను బండికి తాళం వేసినానా లేదా అని ఒక్కసారి ఎనుకకు తిరిగి చూసేలోపట పిలగాడు లేడు.

పదిహేను దినాలు కనబడలే. మల్ల దొరికినంక ఈసారి ఇంకోకాడికి, సుఖరోగాలకు సర్కారే పెట్టిన సురక్ష క్లినిక్ అని బోర్డు ఉన్నదాని కాడికి పోయినం. అక్కడ కౌన్సిలర్ మేడం "కూసో తమ్మీ, చాయ తాగినవా" అని మొదలువెట్టింది. తలుపు ఏసింది, నన్ను బయట కూసోమన్నది, నాకే కొద్దిగ కోపమొచ్చింది కానీ ఆమె చేసిందే కరెక్టు. ఆధార్ గురించి ఊసే లేదు. నెత్తురు తీసిన్రు, సవాయి ఉన్నదని తేలింది, సూది వేసి అరగంట కూసోవెట్టి పంపిన్రు. హెచ్ఐవీ లేదని వచ్చింది, కానీ వెంటనే తెల్వకపోవచ్చు మూడు నెలలకు మల్ల రా అని కార్డు మీద తారీఖు రాసిచ్చిన్రు. ఒక్క రూపాయి కాలే. ఒకే ఊరు, ఒకే సర్కార్, పైసలు కూడ ఆ ఖజానావే, చాయ తాగినవా అన్న మాట కాడ తేడా వచ్చింది.

నేను చెప్పొచ్చేది ఏందంటే, ఈ రోగాలకు మందులున్నయి, చాన వాటికి అగ్గువ మందులున్నయి, కానీ మనం మందు ఇచ్చే పద్ధతి మొత్తం ఇల్లున్నోని కోసం పెట్టింది. పెన్సిలిన్ పడనోనికి డాక్సీ గోలీలు రోజుకు రెండుసార్లు రెండు వారాలు మింగమంటరు. తిన్నంక మింగు అంటరు. వాడు రోజు తింటడో లేదో తెల్వదు, గోలీల కవర్ యాడ పెట్టాలె? తలకింద పెట్టుకుంటే దాంట్ల ఏమున్నదో అని ఎవడో గుంజుకపోతడు, వానకు తడుస్తది, పొద్దుగాల ఊడ్సెటోళ్ళు సంచితో సహా లారీల ఏస్తరు. గజ్జికి క్రీము మెడ నుంచి కాళ్ళ దాక రాత్రి రాసుకుని పొద్దుగాల స్నానం చెయ్యాలె, బట్టలు ఉడుకు నీళ్ళల్ల ఉతకాలె, పక్కపొంటి పండేటోళ్ళందరు అదే దినం రాసుకోవాలె. ఉడుకు నీళ్ళు! సుఖరోగమైతే వారం దాక ఎవ్వలతోటీ కలవకు, పార్టనర్‌ను కూడ తీసుకరా అంటరు. రాత్రికి పండెటందుకు చోటు ఇస్త అని తీసుకపోయినోని పేరు కూడ తెల్వదు వానికి, ఎవల్ని తీసుకొస్తడు?

అవును, ఆ ముచ్చట కూడ రాస్త, ఎందుకంటే ఎవ్వరు రాయరు. చలికాలం రాత్రి రూముల పండుకో అని పిలిచెటోడు కిరాయి పైసల్ల అడగడు. ఇది ఆడపిల్లలకే అనుకుంటం, మొగపిల్లలకు ఎంత జరుగుతదో మా కౌంటర్ కాడ నిలబడితే తెలుస్తది. వాడు చెప్పుకోడు, మొగోన్ని నాకేంది అంటడు, మొలలు అయినయన్నా అని మందు అడుగుతడు. ఆ టైంల నిరోధ్ గురించి మాట్లాడే స్థితిల ఉండడు, అడిగితే రూము పోతది. మత్తుకు పంచర్ సొల్యూషన్ పీల్చెటోడైతే ఏం జరిగిందో పొద్దుగాల యాదికి కూడ ఉండదు. మత్తు సూదులు గుచ్చుకునేటోళ్ళు తక్కువమందే నాకు తెలిసి, కానీ ఒకే సిరంజి నలుగురు వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ మూడూ దానెంబడి వస్తయి.

ఆడపిల్లలు షాపుకు రానే రారు. చాయబండి అవ్వతోటి ఖాళీ స్ట్రిప్ పంపుతరు, ఇసొంటిదే ఇయ్యి అని. స్టేషన్ బయట బాత్‌రూమ్‌కు పైసలడుగుతరని, చీకట్ల పోవాలంటే భయమని పొద్దుమీకినంక నీళ్ళు తాగరు, అందుకే వాళ్ళకు మూత్రం మంటలు. తెల్లబట్ట వాసనొస్తున్నా, పొత్తికడుపు నొస్తున్నా అదీ వేడే. క్లమీడియా అని ఒకటుంటది, ఆడోళ్ళల్ల చానమందికి బయటికి ఏమీ కనబడదు, లోపల ట్యూబులు పాడయ్యి తర్వాత పిల్లలు కాకపోతే అప్పుడు తెలుస్తది. గర్భం పోయే గోలీలు అడిగిపిస్తే నేను ఇయ్య, ఎంత తిట్టినా సరే, నెత్తురు ఆగకపోతే ఆ అరుగు మీద ఎవరున్నరు చూసెటోళ్ళు. 20 వారాల దాక ఒక్క డాక్టర్ ఒప్పుకుంటే చట్టప్రకారమే దవాఖానల చేస్తరు, పేరు బయటికి చెప్పొద్దు అని కూడ అదే చట్టం అంటది, ఈ సంగతి వాళ్ళకు చెప్పెటోళ్ళు లేరు.

18 లోపటోళ్ళయితే ముడి ఇంకోతీరు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యాలకు పెట్టిన పోక్సో చట్టం 2012ది, సంగతి తెలిసినోళ్ళు పోలీసులకు చెప్పాల్సిందే, చెప్పకపోతే శిక్ష. మంచి చట్టమే, కానీ కేసు భయానికి కొందరు అసలు ముట్టుకోకుండనే పంపిస్తరు, పోయి పోలీసు కాగితం పట్టుకరా అంటరు. 2020ల వచ్చిన పోక్సో రూల్స్ అట్ల ఏ కాగితమూ అడగొద్దు, అర్జెంటు వైద్యం ముందు చెయ్యాలె అంటయి, సుఖరోగాలకు, హెచ్ఐవీ రాకుండ ఇచ్చే మందుకు సహా. ఆ మందు 72 గంటల లోపట మొదలుపెట్టాలె, 28 దినాలు మింగాలె. కాగితాల కోసం తిప్పితే ఆ మూడు దినాలు ఆటోల్లనే పోతయి.

హెచ్ఐవీ అంటే ఇప్పటికీ సావే అనుకుంటరు ఈ పోరగాళ్ళు, అందుకే టెస్టుకు రారు. ఉన్నా ఏఆర్‌టీ మందులు ఫ్రీ, సక్కగ మింగితే వైరస్ టెస్టుల కనబడనంత అణుగుతది, అట్ల ఉన్నన్ని రోజులు కలిసినోళ్ళకు అంటదు కూడ. 2017ల హెచ్ఐవీ చట్టం చేసిన్రు, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలుల ఉన్నది, నీ ఒప్పుకోలు లేకుండ టెస్టు చెయ్యొద్దు, రిజల్ట్ ఎవ్వలకూ చెప్పొద్దు అని దాంట్ల ఉన్నది. హాలుల కేక పెట్టిన ఆ వార్డుబాయ్‌కి ఈ చట్టం గురించి ఎవరన్న చెప్పిన్రో లేదో.

కంటి వెలుగు అప్పుడు గల్లీ గల్లీకి టేబుల్ ఏసి కండ్లు చూసి అద్దాలిచ్చినం కదా, ఎవ్వరు దవాఖానకు రాలేదని తిట్టలేదు, మనమే పోయినం. అసొంటిదే స్టేషన్ కాడ, హన్మకొండ బస్టాండ్ కాడ, ఎనుమాముల కాడ వారంల రెండు రాత్రులు ఏడు నుంచి పది దాక ఒక వ్యాన్ పెడితే ఎంత ఖర్చు? సుఖరోగాల గోలీలు రంగు రంగు కిట్లల్ల సర్కారే తయారు చేసి పెట్టింది, బూడిద రంగు కిట్టుల అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ గోలీలు ఉంటయి, డాక్టర్ చూసి అక్కడనే కండ్ల ముందు నీళ్ళిచ్చి మింగిపిస్తే అయిపోతది, కవర్ దాచుకునే పనే లేదు. జ్వరం, దెబ్బలు, గజ్జి అన్నీ చూడాలె ఆ వ్యాన్‌ల, బోర్డు మీద సుఖరోగాలు అని మాత్రం రాయొద్దు, రాస్తే ఒక్కడు రాడు. నిరోధ్ డబ్బా బాత్‌రూమ్ గోడకు కొట్టాలె, మనిషి కాడ అడిగి తీసుకునేటట్టు పెడితే అది పెట్టనట్టే.

పండుకునే చోటు సంగతి లేకుండ ఇదంత సగమే. లక్ష జనాభాకు ఒక నైట్ షెల్టర్, అది కూడ 24 గంటలు తెరిచి ఉండాలె అని సుప్రీంకోర్టు 2010లనే చెప్పింది. మన గ్రేటర్ వరంగల్ 2011 లెక్కల తోటే 8 లక్షలు దాటింది. ఎన్ని ఉండాలె, ఎన్ని ఉన్నయి, ఉన్నదాంట్ల రాత్రి ఆధార్ లేకుండ పోతే లోపటికి రానిస్తరా, ఒంటరి ఆడపిల్లకు వేరే గది ఉన్నదా, మీ రిపోర్టర్‌ను ఒక చలి రాత్రి పాత చొక్కా ఏసి పంపుండ్రి, వార్త దానంతటది వస్తది. అక్కడ పండేటోళ్ళ ఫొటోలు మాత్రం మొఖం కనబడేటట్టు వెయ్యకుండ్రి, ఒకసారి ఒక పేపర్ల ఫొటో పడ్డదని ఒకడు వారం దాక పనికి పోలే. ఇంకొకటి, మీ జిల్లా పేజీల ఏదో మూలకు రోజూ చిన్న డబ్బా కట్టి 1097 అని వెయ్యుండ్రి, హెచ్ఐవీ, సుఖరోగాల గురించి ఫ్రీగ అడగొచ్చు, పేరు చెప్పేది లేదు. రాశిఫలాల పక్కకు వేసినా సరే, వాళ్ళు పేపర్ కొనరు కానీ మిర్చి బజ్జీ చుట్టిచ్చిన పేపర్ అయితే సదువుతరు.

క్యాటరింగ్ పిలగాని ముచ్చట సగంల ఇడిసిన. వానితోటి ఒక పిల్ల ఉంటది, ఇరవై ఏండ్లు ఉంటయి, అప్పటికి అయిదో నెల. వానికి సవాయి అని తెలిసినంక ఆమెకు కూడ చూపిచ్చినం, ఉన్నది. కడుపుల పిల్లకు పోతది ఆ రోగం, కడుపులనే పిల్ల పోవచ్చు లేకపోతే రోగంతోటి పుట్టొచ్చు, ఎంత ముందు సూది వేస్తే అంత మంచిది అన్నరు. అదే వారం వేపిచ్చినం. ఇద్దరికీ వెయ్యకపోతే మల్ల ఒకరికొకరు అంటిచ్చుకుంటరని మేడం నాలుగుసార్లు చెప్పింది. తర్వాత పెండ్లిళ్ళ సీజన్ అయిపోయింది, వాళ్ళు బల్లార్షా దిక్కు బండెక్కిన్రని చాయబండి అవ్వ చెప్పింది. కాన్పు ఏడైందో నాకు తెల్వదు.

పోయేముందట వాడు తన టెస్టు కార్డు నాకిచ్చి "నీ కాడనే పెట్టన్నా, నా కాడుంటే పోతది" అన్నడు. అది చూసి ఇంకో ఇద్దరు ఇచ్చిన్రు, మొన్న ఇంకొకడు. గల్లాపెట్టెల చిల్లర కింద పెట్టిన. మొన్నటోని కార్డు మీద మల్ల రావాల్సిన తారీఖు పోయి పదకొండు దినాలైంది, వాన్ని చూసినోళ్ళు లేరు. నేను షట్టర్ పది దాక దించుతలేను.

నా పేరు, షాపు పేరు వెయ్యకుండ్రి, వేస్తే వాళ్ళు రారు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు మనిషి,
కాజీపేట